కొలిమికి లొంగని పన్ను

విరిగిన ఇనుమును కమ్మరి అతకగలడని వేమన కాలం నుంచీ తెలుగువాళ్లకు తెలుసు. మన్యంలో ఆ నమ్మకం మరీ గట్టిది. కర్రు అరిగినా, గొడ్డలి మొన వంగినా, కొడవలి పదును పోయినా దారి ఒక్కటే... కొలిమి. కానీ ఇప్పుడు అరకు కొండల్లో వడ్రంగి చేతిలో గిర్రున తిరుగుతున్న రంపానికి పన్ను విరిగితే ఆ కొలిమి దగ్గర మందు లేదు. అలాగని రంపం పని అయిపోయినట్టూ కాదు. దాని వైద్యం వేరు!

విశాఖపట్నం నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కి దాదాపు 115 కిలోమీటర్లు వెళితే అరకులోయ. 2022 ఏప్రిల్ నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. చుట్టుపక్కల కొండల మీది ఊళ్లలో చోళ్లు, సామలు, పసుపు, అల్లం పండిస్తారు. ఏ పంటకైనా పనిముట్లు కావాలి. వాటిని చేసేదీ, బాగుచేసేదీ కమ్మరి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ‘కమ్మర’ అని విడిగా ఒక పేరే ఉంది. అంటే కొండల్లో ఇనుము పని ఎంత పాతదో, ఎంత అవసరమైనదో ఊహించుకోవచ్చు.

ఇనుముకు ఒక మంచి గుణం ఉంది. కాలిస్తే మెత్తబడుతుంది. కొడితే సాగుతుంది. కాలినప్పుడు నీళ్లలో ముంచితే ఉక్కు బిగుసుకుంటుంది. అరిగిన కర్రుకి ఇంకో ముక్క అతికితే మళ్లీ కొత్తదవుతుంది. పాత లారీ కమాను పట్టీ కత్తిగా మారుతుంది. ఆ కత్తి అరిగి అరిగి చివరికి చిన్న పీట కత్తయినా సరే, ‘పారేయడం’ అన్న మాట మాత్రం వినపడదు. అంగడి దూరమై, చేతిలో డబ్బు తక్కువైన చోట మనుషులు బతకనేర్చిన తీరు అది.

పళ్లకు మాత్రమే వజ్రం!

కాలం మారింది. మన్యంలో కాఫీ తోటలు పెరిగాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీకి నీడ కావాలి, మిరియాల తీగకు పాకడానికి చెట్టు కావాలి. ఆ రెండు పనులకూ రైతులు సిల్వర్ ఓక్ నాటారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆ చెట్టు ఇప్పుడు ఈ కొండల్లో సొంత మనిషిలా నిలబడింది. దాని చెక్కా ఉంది, పాత ఇళ్లు విప్పితే వచ్చే దూలాలూ ఉన్నాయి, వెదురూ ఉంది. పర్యాటకుల కోసం కాటేజీలు లేచాయి. గుమ్మాలు, కిటికీలు, మంచాలు, బల్లలు... వడ్రంగికి చేతినిండా పని. చేతి రంపంతో చెమటోడ్చి కోసే పలకను కరెంటు రంపం రెండు నిమిషాల్లో కోసి పెడుతుంది. అందుకే అది కొండెక్కింది.

ఆ రంపం బిళ్లను దగ్గర నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పళ్లెం అంతా మామూలు ఉక్కే. ప్రతి పన్ను కొనమీద మాత్రం గోరంత ముక్క వేరే రంగులో అతికి ఉంటుంది. అదే టంగ్‌స్టన్ కార్బైడ్. మెకానిక్ షెడ్లలో అడిగితే ‘విడియా’ అంటారు. ఆ పేరు వెనక ఓ చిన్న కథ ఉంది. కరెంటు బల్బులో వెలిగే టంగ్‌స్టన్ తీగను సన్నగా లాగాలంటే ఒకప్పుడు వజ్రంతో చేసిన అచ్చులు వాడేవాళ్లు. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి జర్మనీలోని ఓస్రామ్ బల్బుల కంపెనీలో కార్ల్ ష్రోటర్ దారి వెతికాడు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్ లాంటి మెత్తని లోహంతో కలిపి, అదిమి, కాల్చి గట్టి ముక్క చేసే పద్ధతికి 1923లో పేటెంట్ దాఖలైంది. తర్వాత క్రుప్ కంపెనీ దాన్ని ‘విడియా’ పేరుతో అమ్మింది. జర్మన్ భాషలో ‘వజ్రంలాంటిది’ అనే మాటకి అది పొట్టి పేరు. బల్బు కోసం పుట్టిన లోహం చివరికి రంపం పన్నయి అరకు దాకా వచ్చింది.

గట్టిదే... కానీ ఓర్వలేదు

వజ్రంలాంటిదైతే మరి ఎందుకు విరుగుతుంది? గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. పింగాణీ పళ్లెం మీద గోరుతో ఎంత గీకినా గీత పడదు. అదే చెయ్యి జారితే మూడు ముక్కలు! కార్బైడ్ గుణం కూడా అలాంటిదే. చెక్కను నెలల తరబడి కోస్తుంది. పాత దూలంలో దాగిన ఒక్క మేకు తగిలితే ఠక్కున రాలిపోతుంది. చెట్టుకు ఎప్పుడో కొట్టిన కంచె తీగ బెరడులో కలిసిపోయి కనపడదు. బెరడులో ఇరుక్కున్న రాయి కూడా అంతే. వెదురు తీరు ఇంకోలా ఉంటుంది. అందులోని సిలికా పన్నును విరగ్గొట్టదు గానీ, పదునును మెల్లగా తినేస్తుంది.

ఒక్క పన్నే కదా పోయింది, పోనీలే అని చాలామంది అలాగే కోసేస్తారు. ఇక్కడే అసలు ప్రమాదం. ఊడిన పన్ను వంతు పని కూడా దాని వెనక వచ్చే పన్ను మీద పడుతుంది. అది రెట్టింపు చెక్కను కొరకాలి. కొన్నాళ్లకు అదీ రాలుతుంది. ఆపైన దాని వెనకది. రాలిన ముక్క ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

నాలుగంగుళాల బిళ్ల నిమిషానికి 12 వేల చుట్లు తిరుగుతుందనుకుందాం. పన్ను కొన వేగం గంటకు దాదాపు 230 కిలోమీటర్లు! విశాఖ-కిరండూల్ లైను మీద సొరంగాలు దాటుతూ అరకు చేరే రైలు వేగం దీనిముందు ఏపాటి? ఆ వేగంతో ఊడిన గోరంత ముక్క కంట్లో పడితే కన్ను పోతుంది. పైగా రాళ్లు కోసే మార్బుల్ కట్టర్‌కో, ఇనుము అరగదీసే గ్రైండర్‌కో కవచం తీసేసి చెక్క బిళ్ల బిగించే అలవాటు మన వడ్రంగుల్లో ఊరూరా ఉంది. యంత్రం వేగం బిళ్ల తట్టుకోగల వేగాన్ని మించకూడదు. ఆ అంకె బిళ్ల మీదే అచ్చువేసి ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని చదివేవాళ్లే తక్కువ.

నీళ్లే దానికి విషం

మరి విరిగిన పన్నును ఊరి కొలిమిలో అతికితే? ఇనుముకు ప్రాణం పోసే మూడు పనులూ కార్బైడ్‌కు పనికిరావు. కాలిస్తే అది మెత్తబడదు. సుత్తితో కొడితే సాగదు, పగులుతుంది. ఇక ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లలో ముంచితే వేడి గాజు గ్లాసు మీద చన్నీళ్లు పోసినట్టే! కత్తికి పదును నిలబెట్టే నీళ్లే ఈ పన్నుకు విషం.

పళ్లెం సంగతి కూడా చూడాలి. బొగ్గుల మంట దాన్నంతా ఒకేసారి పట్టుకుంటుంది. ఉక్కు పళ్లేనికి ఫ్యాక్టరీలో పెట్టిన బిగువు ఆ వేడికి పోతుంది. చల్లారాక చూస్తే చదునుగా కనిపించొచ్చు. తిప్పితే మాత్రం తూగుతుంది. కొయ్యలో బిగుసుకుని యంత్రాన్ని వెనక్కి తంతుంది. అందుకే వాడిన బిళ్ల మీద ఎక్కడైనా నీలం మచ్చ కనిపిస్తే అక్కడ ఉక్కు మితిమీరి కాలిందని గుర్తు. వెల్డింగ్ షాపులో అతికించుకున్నా ఇదే చిక్కు. అక్కడి వేడి మరీ ఎక్కువ.

కంసాలి దారిలో...

నిజానికి ఈ వైద్యం కమ్మరి పనికంటే కంసాలి పనికి దగ్గర. బంగారు గొలుసు తెగితే కంసాలి ఏం చేస్తాడు? గొలుసును కరిగించడు. తెగిన చోట వెలిగారం రాసి, టంకం పెట్టి, అక్కడికే మంట ఊదుతాడు. రంపం పన్నుకూ అదే సూత్రం. ముందు పాత ముక్క మిగులును వేడిచేసి తీసేస్తారు. పన్ను కూర్చునే గూడును శుభ్రంగా గీకుతారు. జిడ్డు కాస్త ఉన్నా అతుకు పట్టదు. తర్వాత తుప్పు పొర కట్టకుండా ఫ్లక్స్ రాసి, మధ్యలో పల్చటి వెండి టంకం రేకు పెట్టి, పైన కొత్త కార్బైడ్ ముక్కను కూర్చోబెడతారు. చిన్న మంటతో ఆ ఒక్క చోటనే వేడి చేస్తారు. దాదాపు 650 నుంచి 700 డిగ్రీల దగ్గర టంకం కరిగి నీళ్లలా పాకుతుంది. మంట తీసి, కదపకుండా గాలికే చల్లారనిస్తారు.

ఆ వెండి టంకం జిగురు మాత్రమే కాదు, మధ్యవర్తి కూడా. వేడికి ఉక్కు ఎంత సాగుతుందో కార్బైడ్ అందులో ఇంచుమించు సగమే సాగుతుంది. చల్లారేటప్పుడు ఉక్కు ఎక్కువ ముడుచుకుంటుంది, కార్బైడ్ తక్కువ. రెండూ నేరుగా పట్టుకుంటే ఒకదాన్నొకటి లాక్కుని పగలాల్సిందే. మెత్తటి టంకం పొర ఆ లాగుడును తను భరిస్తుంది. పెద్ద ముక్కలకైతే రెండు టంకం పొరల మధ్య రాగి రేకు ఉన్నది వాడతారు.

అతికాక సాన పట్టాలి. మామూలు బూడిదరంగు సాన చక్రం దీనిమీద తనే నున్నబడిపోతుంది. వజ్రపు పొడి పూసిన చక్రమే కావాలి. కొత్త పన్ను ఎత్తూ, వెడల్పూ, వాలూ మిగతా పళ్లతో సరిగ్గా కలవాలి. వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా దెబ్బంతా దానిమీదే పడుతుంది. ఈ పనిలో లేచే దుమ్ములో కోబాల్ట్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హాని. కొన్ని రకాల వెండి టంకాల్లో కాడ్మియం ఉంటుంది, దాని పొగ విషం. నీళ్లు చిలకరిస్తూ సాన పట్టడం, కాడ్మియం లేని టంకం అడిగి కొనడం, గాలి ఆడేచోట మాస్కు పెట్టుకుని పనిచేయడం తప్పనిసరి.

ఏది వైద్యానికి, ఏది పాతసామానుకి?

అన్ని బిళ్లలూ ఈ ఖర్చుకు తగవు. నాలుగంగుళాల చిన్న బిళ్లకు పన్ను అతికించే కూలికన్నా కొత్తదే చౌక. పది, పన్నెండు అంగుళాల బల్ల రంపం బిళ్లకైతే ఒకటి రెండు పళ్లు వేయించుకోవడం లాభం. పళ్ల మధ్య పల్లంలో వెంట్రుకంత పగులు కనిపించినా, పళ్లెం వంగినా, నీలం మచ్చలున్నా మారుమాట లేకుండా పక్కన పెట్టేయాలి. ఆ బిళ్లను ఇంకెవరికీ ఉచితంగా కూడా ఇవ్వకూడదు.

కొన్నిసార్లు అసలు జబ్బే ఉండదు. పళ్లకు చెట్టు జిగురు పట్టి గట్టిపడితే కోత బరువెక్కుతుంది, చెక్క కమురుతుంది. పదును పోయిందనుకుని కొత్తది కొంటారు. ప్లగ్గు పీకి, బిళ్ల విప్పి, సబ్బు నీళ్లలో కాసేపు నానబెట్టి బ్రష్షుతో రుద్దితే చాలు. ఘాటైన క్షారాలు వాడితే మాత్రం కార్బైడ్‌ను పట్టి ఉంచే కోబాల్ట్ దెబ్బతింటుంది.

పారేసే బిళ్లకూ విలువ ఉంది. ప్రపంచ టంగ్‌స్టన్‌లో దాదాపు ఎనభై శాతం చైనా నుంచే వస్తోంది. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం కొన్ని టంగ్‌స్టన్ ఉత్పత్తుల ఎగుమతి మీద నియంత్రణలు పెట్టింది. కార్బైడ్ తుక్కును కరిగించి మళ్లీ వాడే పరిశ్రమలున్నాయి. కాబట్టి చచ్చిన బిళ్లల పళ్లను ఇనుప తుక్కులో కలపకుండా విడిగా దాచుకుంటే నాలుగు డబ్బులొస్తాయి.

ఆ ఎరుపు తెలిసిన కళ్లు

చిక్కంతా ఒక్కటే. ఈ వైద్యం ఉన్నది నగరంలో. అరకు వడ్రంగి ఒక బిళ్ల పట్టుకుని విశాఖ దిగి వస్తే రెండు రోజుల కూలి పోతుంది. అందుకే విరిగిన పన్నుతోనే కోస్తాడు, లేదా బాగయ్యేదాన్ని పారేస్తాడు. మొదటి దారిలో కన్ను పోవచ్చు, రెండో దారిలో కూలి పోతుంది. పారేయడం ఎరగని కొండలకు ఆ రెండూ నష్టమే.

అలాగని పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. గ్యాసు టార్చి, వెండి టంకం, ఫ్లక్స్, చిన్న వజ్రపు సాన చక్రం, పన్ను వాలు కొలిచే సాధనం, కళ్లద్దాలు, మాస్కు... ఇవి ఒక గదిలో పడతాయి. కావాల్సిందల్లా నేర్పు. ఏజెన్సీ ఐటీఐలలో వెల్డింగుతోపాటు ఈ కొద్దిపాటి పనీ నేర్పితే, సంతకు వచ్చిన వడ్రంగి పొద్దున బిళ్ల ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లగలడు.

నేర్చుకోవడానికి కమ్మర యువకుల కంటే తగినవాళ్లు ఎవరుంటారు? టంకం పాకే వేళకు ఉక్కు మసక ఎరుపులోకి వస్తుంది. నగరంలో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ రంగు పట్టుకోవడం ఓ పట్టాన రాదు. చీకటి పాకలో తిత్తి ఊదుతూ పెరిగిన పిల్లాడికి అది ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ ఎరుపు దగ్గర సుత్తి ఎత్తకూడదు, నీళ్లలో ముంచకూడదు. కొత్తగా నేర్పాల్సినవాటిలో ముఖ్యమైనవి ఆ రెండే.