రుమేనియా సైనికుడికి మార్కులు వేసిందెవరు?

స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం గురించి ఎక్కడ చదివినా రుమేనియా సైన్యం ఒకే రూపంలో కనిపిస్తుంది: చెదిరి పారిపోతూ. ఎం.ఏ.లో చరిత్ర తీసుకున్నాక నాకు ఒక సందేహం పట్టుకుంది. ఆ సైన్యాన్ని చేతకానిదన్నవాళ్ళు ఎవరు? అసలు దాన్ని ఎలాంటి చోట నిలబెట్టారు?

జర్మన్ సేనాని మాన్‌స్టీన్ 1941-42లో క్రిమియాలో రుమేనియా దళాలను నడిపాడు. యుద్ధం ముగిశాక రాసిన జ్ఞాపకాల్లో ఆయన వారిని తీసిపారేయలేదు. సైనికుల్లో ఎక్కువమంది రైతు బిడ్డలు, ఉన్నదానితో సర్దుకుంటారు, కష్టానికి ఓరుస్తారు, ధైర్యవంతులు అంటాడు. లోపం చదువు తక్కువ కావడం, అధికారులు జవాన్ల బాగోగులు చూడకపోవడం అంటాడు. ఆ సైన్యంలో జవాన్లను కొట్టే శిక్ష ఇంకా ఉండేది. అధికారులకు ఒక వంట, జవాన్లకు ఒక వంట. హాస్టల్ మెస్సులో పెరిగినవాణ్ణి కనుక ఈ వంట సంగతి దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. మా నాన్నను ఆసాములు “మంచి పనోడే, చదువే లేదు” అని మెచ్చుకోవడం చిన్నప్పటి నుంచి విన్నాను. మాన్‌స్టీన్ మెప్పు కూడా నాకు అలాగే వినిపించింది.

ఇక డాన్ నది సంగతి. 1942 శరత్కాలంలో జనరల్ దుమిత్రెస్కు నాయకత్వంలోని రుమేనియా మూడో సైన్యాన్ని స్టాలిన్‌గ్రాడ్‌కు వాయవ్యంగా కాపలా పెట్టారు. ఒక్కో డివిజను దాదాపు 20 కిలోమీటర్లు కాయాలి. నదికి ఇవతలి ఒడ్డున రష్యన్లకు అప్పటికే పట్టున్న చోట్లు ఉన్నాయి. వాళ్ళను అవతలికి తరిమితే నదే మనకు కందకమవుతుందని దుమిత్రెస్కు అడిగాడు. జర్మన్లు ఒప్పుకోలేదు. ట్యాంకులను కొట్టే పెద్ద ఫిరంగులు అడిగితే బహు కొద్దిగా ఇచ్చారు. మిగిలినవి ఎక్కువగా 37 మిల్లీమీటర్లవి. టి-34 ట్యాంకు ముందు అవి ఏపాటి?

రష్యన్ల లెక్క ఇంకా సూటిగా ఉంది. జర్మనీ మిత్ర సైన్యాల దగ్గర ఆయుధాలు తక్కువ, పరాయి ప్రయోజనాల కోసం రష్యా పొలాల్లో చావాలని వాళ్ళకు లేదు అని జుకోవ్ తన జ్ఞాపకాల్లో రాశాడు. నవంబర్ 19న దెబ్బ అక్కడే పడింది.

జాలిపడి ఈ సైన్యాన్ని నిర్దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. 1941 అక్టోబరులో ఒడెస్సాలో వేలాది యూదులను చంపింది కూడా ఇదే సైన్యం.

అభిప్రాయాలు ఎంత త్వరగా మారతాయో జనరల్ లస్కార్ కథ చెబుతుంది. డాన్ వంపులో చుట్టుముట్టబడినా లొంగక పోరాడినందుకు 1942 నవంబర్ 22న హిట్లర్ ఆయనకు నైట్స్ క్రాస్‌పై ఓక్ ఆకుల పతకం ప్రకటించాడు. జర్మనేతరుల్లో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. ఆ రోజుల్లోనే రష్యన్లకు బందీగా చిక్కాడు. 1944 ఆగస్టు 23న రుమేనియా పక్షం మార్చి జర్మనీ మీదకు తిరిగింది. 1945లో రష్యన్ల వైపున్న రుమేనియా డివిజను ఒకదానికి ఆయనే అధిపతి, 1946లో రుమేనియా రక్షణ మంత్రి.