సర్దార్ పరీక్ష

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాదే మా బాపు కూడా ఒక పరీక్షకు తయారయ్యాడు. ఆయన చదివింది నాలుగో తరగతి. పోబోయేది మైనింగ్ సర్దార్ పరీక్షకు. బొగ్గు బాయిల్లో రక్షణ సంగతి చూసే కేంద్ర శాఖ, బాయి మీద అందరూ డీజీఎంఎస్ అనేది, ఆ సర్టిఫికెట్ ఇస్తుంది. అది చేతికొస్తే తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపే మనిషి, బాయిలో ఒక భాగానికి బాధ్యుడవుతాడు. మా ఇంట్లో ఆ ఏడు నా పరీక్షను పట్టించుకున్నవాళ్లు లేరు.

మాది గోదావరిఖని. అప్పటికి కరీంనగర్ జిల్లాయే. పెద్దపల్లి జిల్లా కిందికి వచ్చింది 2016లో. గోదావరి వంతెన దాటితే అప్పటి ఆదిలాబాద్ జిల్లా. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి అన్నీ ఆ ఒడ్డునే. జిల్లాలు వేరైనా రెండు ఒడ్లనూ సింగరేణి కంపెనీయే, అదే బొగ్గు, అవే చుట్టరికాలు. మా మేనత్తను ఇచ్చింది మందమర్రికి. పెళ్లిచూపుల్లో పిల్లగాడు అందగాడా అని తర్వాత అడిగేవాళ్లు. ముందు అడిగేది పర్మనెంటా, బదిలీనా అని.

బాపు మంథని దిక్కు పల్లె నుంచి 1960ల మొదట్లో, ఖనిలో కొత్త బాయిలు తెరుస్తున్నారని విని వచ్చాడు. ఊళ్లో పని లేక కాదు. పనికి లెక్క లేక వచ్చాడు. దొర పొలంలో ఎంత చేసినా ఎంత చేశావని అడిగే దిక్కుండదు. బాయిలో టబ్బుకు బిళ్ల వేస్తారు. బిళ్ల ఎవరిదో ఆ టబ్బు వాళ్ల ఖాతాలోకి పోతుంది. టబ్బు అంటే టన్నుకు అటూ ఇటూ. తాను చేసిన పనిని ఇంకొకడు లెక్కపెట్టి రాయడం ఆయన జీవితంలో అదే మొదలు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక సంబురం ఉండేది. చిన్నప్పుడు నాకది అర్థమయ్యేది కాదు. టబ్బు లెక్కలో అంత మురిసేదేముంది అనుకునేదాన్ని.

సర్దార్ పరీక్షకు చదవాలన్న ఆలోచన 1981 సమ్మెలో పుట్టింది. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసే చట్టం వచ్చిందని సింగరేణి కార్మికులు 56 రోజులు బాయి దిగలేదు. కాలనీలో సైరన్ మోగితే ఎవరూ లేవని రోజులవి. కిరాణా కొట్టు ఉద్దెర ఆగిపోయింది. అవ్వ చెవుల కమ్మలు తాకట్టుకు పోయాయి. మగవాళ్లు పొద్దంతా వేపచెట్ల కింద కూర్చునేవాళ్లు. అట్లా కూర్చున్నప్పుడే యూనియన్‌లో తిరిగే మా మామ ఒకాయన, "బావా, ఎన్నేండ్లు మోత్తవు తట్ట? నడుము పోతే ఏం జేత్తవు? సర్దార్ పరీక్షకు కట్టు" అని ఒక నలిగిన ప్రశ్నల పుస్తకం తెచ్చిపెట్టాడు. అప్పట్లో ఆ పరీక్షకు బాయి లోపల కొన్నేళ్ల అనుభవం, చదవను రాయను వస్తే చాలు. పై చదువు అడిగేవాళ్లు కాదు.

రాత్రి అన్నాలయ్యాక నేను ప్రశ్న చదవాలి, ఆయన జవాబు చెప్పాలి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు అట్లా నా నోటికి కూడా వచ్చాయి. న్యూటన్ సూత్రాల కన్నా బాగా వచ్చాయి. ఆయనకు తెలియనిది పుస్తకంలో తక్కువే. ఏళ్ల తరబడి చేతులతో చేసిన పనికి నోటితో జవాబు చెప్పడమే ఆయనకు కష్టమైంది. "రూఫును ఎట్లా పరీక్షిస్తారు?" అని చదివితే, లేచి చీపురు కట్ట తిరగేసి పైకప్పు రేకును కొట్టి చూపించేవాడు. గట్టి రాయైతే ఖంగుమంటుంది. పొర విడిచిందైతే డొల్ల మోత వస్తుంది. ఒక చెయ్యి రాతికి ఆనించి రెండో చేత్తో కొడితే, చెవికి అందని అదురు అరచేతికి తెలుస్తుంది. "చెప్పు బాపూ, చూపియ్యకు" అని నేను విసుక్కునేదాన్ని. "చెప్తె వాళ్లకేం తెలుస్తది బిడ్డా" అనేవాడు.

ప్రథమ చికిత్స సర్టిఫికెట్ కూడా ఉండాలి. సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల శిక్షణకు పోయి వచ్చి, ఆదివారం మా మీద సాధన చేసేవాడు. మూడు కోణాల గుడ్డతో తమ్ముడి చెయ్యి మెడకు వేలాడేది, నా మోకాలికి రెండు కర్రల మధ్య కట్టు పడేది. ఒకసారి కట్లు విప్పకుండానే తమ్ముడు గోలీలాటకు ఉరికితే, పక్క క్వార్టర్ అత్త గుండెలు బాదుకుంటూ వచ్చి అవ్వను తిట్టిపోసింది.

గ్యాస్ పరీక్ష వేరు. ఆ దీపాన్ని ఇంటికి తేలేడు కాబట్టి కందిలిని పెట్టుకుని చెప్పేవాడు. లోపల సేఫ్టీ ల్యాంప్ వత్తిని బాగా తగ్గించి, మెల్లగా రూఫు దిక్కు ఎత్తాలి. మీథేన్ గాలికన్నా తేలిక, పైనే చేరుతుంది. గ్యాస్ ఉంటే చిన్న పసుపు మంట మీద లేత నీలం టోపీ లేస్తుంది. టోపీ ఎంత పొడుగైతే గ్యాస్ అంత ఎక్కువ. గాలిలో ప్రాణవాయువు తగ్గితే దీపమే ఆరిపోతుంది. మసక వెలుగులో ఆ నీలాన్ని పట్టాలంటే చూపు, ఓపిక రెండూ కావాలి. ఎత్తినంత మెల్లగా దించాలి కూడా. తొందరపడి గుంజితే ప్రమాదం.

పరీక్షకు రైలెక్కి పోయి వచ్చాడు. ఏమడిగారంటే, గ్యాస్ కనపడితే మొదలు ఏం చేస్తావని అడిగారట. "మొదలు మనుషులను బయటికి తీస్త, తర్వాత మిగిలినయి" అన్నాడట. కొన్ని నెలలకు సర్టిఫికెట్ వచ్చింది. అవ్వ దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగి, దేవుడి పటాల పక్కన కాదు, బియ్యం డబ్బాలో పెట్టింది. ఎలుకలు అక్కడికి రావని.

సర్దార్ అయినాక మా ఇంట్లోకి వచ్చే డబ్బు తగ్గింది. ఇది చాలామంది నమ్మరు. ఫిల్లర్‌గా ఉన్నప్పుడు ఎక్కువ నింపిన నెల ఎక్కువ వచ్చేది. ఇప్పుడు కట్టుబడి జీతం. అవ్వ రెండేళ్లు సణిగింది. పక్క క్వార్టర్ మామ, ఆ వరుసలో అందరికన్నా ఎక్కువ టబ్బులు నింపే మొనగాడు, బాపును చూసి నవ్వేవాడు. "పైన దొరలతోని తిట్లు, కింద మనోళ్లతోని తిట్లు. నాకెందుకయ్యా సర్దార్‌గిరి?" అనేవాడు. ఆయన చివరిదాకా ఫిల్లర్‌గానే ఉన్నాడు, హాయిగా ఉన్నాడు, ఆదివారం కోడిని కోస్తే మా ఇంటికి గిన్నె పంపేవాడు. బాపు దారే గొప్పదని నేను అనను.

మరి బాపుకు దక్కిందేమిటంటే, రిజిస్టర్. సర్దార్ షిఫ్ట్‌లో తిరిగి చూసిందంతా, గాలి ఎట్లా ఉంది, రూఫు ఎట్లా ఉంది, ఎక్కడ రూఫుకు ఆసరాగా ప్రాప్ వేయించింది, పేజీ నంబర్లు వేసి కుట్టిన పుస్తకంలో తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. చట్టం అది. నాలుగో తరగతి చదివిన మనిషి రోజూ రాసే ఆ నాలుగు వాక్యాలను మేనేజర్ కూడా చదవాల్సిందే. అక్షరం బాగుండాలని బాపు ఇంట్లో నా కాపీ పుస్తకాల వెనక పేజీల మీద దిద్దేవాడు. "ఇక్కడ పని చేయరాదు" అన్న వాక్యం ఎన్నో సార్లు రాసి ఉండేది.

ఆ వాక్యాన్ని నిజంగా వాడిన రోజు నాకు తెలుసు, ఎందుకంటే ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. ఒకచోట రూఫు డొల్ల మోత వచ్చిందని మనుషులను వెనక్కి పంపాడు. ఉత్పత్తి ఆగిందని ఒక పై అధికారి నలుగురిలో నానా మాటలన్నాడు. బాపు మాట మార్చుకోలేదు, రిజిస్టర్‌లో రాశాడు. తెల్లారి వరకు రూఫు పడలేదు. ప్రాపులు వేశాక పని మళ్లీ నడిచింది. నెల రోజులు బాయి మీద ఆయన్ను ఆటపట్టించారు. "పడకపోతె మంచిదే గదా" అనేవాడు.

నేను తర్వాత బ్యాంకులో చేరి, జీతం, కుర్చీ, ప్రమోషన్లు అన్నీ చూశాను. పని మీద తృప్తి అంటే నాకు ఇప్పటికీ ఆ అన్నం తినని రాత్రే గుర్తొస్తుంది. తనకు తెలిసినదాన్ని తన పేరుతో చెప్పగలగడం, చెప్పాక అది చెల్లడం. జీతం దాని వెనక రావాలి, కానీ రావాలి. ఈ రెండో మాట మరిచిపోయి ఉపన్యాసాలిచ్చేవాళ్లను నేను నమ్మను.

2003 జూన్‌లో ఖని ఏడో నంబర్ ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయినప్పుడు బాపు అప్పటికే దిగిపోయి ఉన్నాడు. అయినా పొద్దున్నే పోయి గేటు దగ్గర నిలబడి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు తట్టా చెమ్మస్ లేదు. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌ల నుంచే వస్తుంది. కాంట్రాక్ట్ మనుషులు పెరిగారు. టబ్బు బిళ్ల కాలం నాటివాళ్లు ఇంకా కొందరు గోదావరిఖనిలో, శ్రీరాంపూర్‌లో, బెల్లంపల్లిలో ఉన్నారు. వాళ్లకు వచ్చే పింఛను 1998 నాటి పథకం కింద వస్తుంది. ఎంత ఎక్కువ వచ్చినా చివరి నెలల సగటు జీతంలో నాలుగో వంతే, అదీ ఆనాటి జీతాల మీద. ధరలతో పాటు పెరిగే ఏర్పాటు అందులో లేదు. బాపు దిగిపోయిన నాడు ఎంత ఖాయమైందో పోయేదాకా అంతే తీసుకున్నాడు. సింగరేణి లాభాల వాటా గురించి పండగ ముందు పేపర్లో చదివి మురిసేవాళ్లందరూ, ఈ పింఛను సంగతి కూడా ఒకసారి మీ ఎంపీని అడగండి.