అవ్వ పెడతానన్న పూట

మా పుట్టిల్లు రైల్వేకోడూరు దగ్గర మంగంపేట. ముగ్గురాళ్ల గనులున్న ఊరు. చమురు బావులు తవ్వేచోట ఆ రాతి పొడి వాడతారు. మా అవ్వ ఆ రాళ్లు ఏరే కూలికి పోయి మమ్మల్ని సాకింది. సాయంత్రం ఇంటికొస్తే తలంతా, చీరంతా దుమ్మే. అయినా కాళ్లు కడుక్కుని నేరుగా పొయ్యి దగ్గరికే. సంగటి గెలుకుతూ బైబిలు కథలు చెప్పేది.

అవ్వకు చదువు రాదు. మార్త కథంటే మాత్రం ప్రాణం. "ఆయమ్మ గూడా మన మాదిరే వంటింటి మనిషి మ్మే! పని తెమల్లేదని యేసయ్య దగ్గర గొణిగింది. అయినా లాజరు చనిపోయినప్పుడు, నమ్మినోళ్లు చచ్చినా బతుకుతారని ఆయన చెప్పింది ఆయమ్మతోనే" అనేది.

చివరిసారి పోయినప్పుడు "ఒక పూట ఉండి పో, చెనిక్కాయల ఊరిబిండి నూరిపెడతా" అంది. పిల్లల పరీక్షలని బస్సెక్కేశాను. నెల తిరక్కముందే కబురొచ్చింది. అన్నం ముందు కూర్చుంటే ఇప్పటికీ ఆ మాటే గొంతుకు అడ్డం పడుతుంది.

ఏటా ఈస్టరునాడు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్తాం. సున్నం కొట్టిన అవ్వ సమాధి మీద మల్లెపూలు పెట్టి కొవ్వొత్తి వెలిగిస్తాం. "ముందే వచ్చుంటే" అని మార్త కూడా ఏడ్చింది కదా! అక్కడ ఆలస్యంగా వచ్చింది యేసయ్య, ఇక్కడ నేను. ఏడ్చిన మార్తకే ఆ మాట దొరికింది. అవ్వ పెడతానన్న పూట ఆయన సన్నిధిలో నాకూ దొరుకుతుందని నా నమ్మకం.

ఈలోగా పెద్దవాళ్లెవరైనా "ఒక పూట ఉండమ్మా" అంటే బస్సు పోయినా సరే, ఉండిపోతున్నాను.