జల్సా నుంచి అజాయబ్ ఘర్ దాకా

చిన్నప్పుడు మా బుచ్చిరెడ్డిపాలెంలో నాకు రెండు జల్సాలు తెలుసు. మా ఉర్దూ మీడియం బడిలో జల్సా అంటే సభ. బజార్లో తెలుగు దోస్తులకి జల్సా అంటే షోకులు, దుబారా. "మా అబ్బా జల్సాకి పోయారు" అని నేనంటే పగలబడి నవ్వేవాళ్లు. పాపం, అబ్బా పోయింది నెల్లూరు టౌన్‌హాల్లో మీటింగుకి. ఆ పురమందిరం మా బుచ్చి రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి పేరు మీదే ఉంది. అందుకే అబ్బాకి అది 'మన హాలు'.

అది ఇప్పటికీ సభల హాలే. జల్సా ఘర్ కాస్తా అజాయబ్ ఘర్ అయిపోయిన హాలు బెజవాడలో ఉంది. మొన్న సెలవుల్లో మా బేటీని అక్కడికి తీసుకెళ్లాను. కారణం ఉంది. బడిలో జెండా బొమ్మకి రంగులేస్తుంటే పక్క పిల్లోడు "ఆ పచ్చ మీది కదా" అన్నాడట. వాడు మంచిగానే అన్నాడు. ఇది మాత్రం ఇంటికొచ్చి అడిగింది: "మరి మిగతాది మనది కాదా అబ్బా?"

ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నవాణ్ణి. తొమ్మిదేళ్ల పిల్లకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

బందరు రోడ్డు మీది ఆ హాలుకి 1887 జూన్ 27న పునాది వేశారు. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన ఖుషీలో, ఎగ్జిబిషన్ల కోసం కట్టించారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగాయి. అవి ఖిలాఫత్ రోజులు, హిందూ ముస్లింలు ఒకే జల్సాలో కూర్చున్న రోజులు. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా ఇచ్చింది ఇక్కడేనని బెజవాడ వాళ్లు గర్వంగా చెప్తారు. రాణి పేరుతో కట్టిన హాలు స్వరాజ్యం జెండాకి యాదిగా మిగిలింది!

ఆ జెండా రెండు రంగులది. ఎరుపు హిందువులకి, పచ్చ మనకి. మధ్యలో చరఖా ఉండాలన్నది జలంధర్ లాలా హంసరాజ్ గారి సలహా. వెంకయ్య గారు మూడు గంటల్లో గీసి తెచ్చారు గానీ, కమిటీ ముందు పెట్టే వేళ దాటిపోయింది. అలా ఆలస్యం కావడమే మంచిదైందని గాంధీజీ తర్వాత 'యంగ్ ఇండియా'లో రాశారు. తీరిగ్గా ఆలోచిస్తే మిగతా మతాల వాళ్లు గుర్తొచ్చారట. వాళ్ల కోసం తెలుపు చేర్చమన్నారు. ఆలస్యం అమృతం విషం అంటారు తెలుగులో. ఇక్కడ మాత్రం మన పెద్దల మాటే నెగ్గింది: దేర్ ఆయే, దురుస్త్ ఆయే.

నన్ను ఆపేసింది రంగుల వరస. అందరికన్నా తక్కువ మంది ఉన్నవాళ్ల తెలుపు పైన, తర్వాత పచ్చ, అందరికన్నా ఎక్కువ మంది ఉన్నవాళ్ల ఎరుపు అడుగున. బలమున్నవాడు బలం లేనివాడికి డాలుగా నిలబడాలని అర్థం చెప్పారు గాంధీజీ. 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టింది, వరస మార్చింది, ఏ రంగూ ఏ మతానిదీ కాదని తీర్మానించింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా చోట అశోక చక్రం పెట్టింది.

హాలు 1962లో మ్యూజియం అయింది. 2020 నుంచి బాపూ మ్యూజియం. అప్పటి కృష్ణా జిల్లా అల్లూరు నుంచి (మన నెల్లూరు అల్లూరు కాదు) వచ్చిన తెల్లరాతి బుద్ధుడు అక్కడ నిలబడి ఉన్నాడు. ఆ బుద్ధుడి ముందే బేటీకి ఇదంతా చెప్పాను.

"అయితే పచ్చ మనది కాదా ఇప్పుడు?"

"మొదట మనదే బేటా. తర్వాత అందరిదీ అయింది. అప్పుడే మిగతా రంగులు కూడా మనవయ్యాయి."

కాసేపు ఆలోచించి, "అయితే ఆ పిల్లోడికి చెప్పాలి, పచ్చ వాడిది కూడా అని" అంది.

బెజవాడ వెళ్తే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఆ ఆలస్యం కథ మన ఇళ్లలో కూడా ఉండాల్సిన అమానత్.