గాలిలో నిలకడ

మా ఇంటి బీరువా పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో విరిగిన రెక్కలు, వంగిన కాళ్లు, తెగిన తీగలు ఉన్నాయి. అవి నేను మొదటిసారి తయారుచేసుకొన్న డ్రోన్ అవశేషాలు. వాటిని పారవేయడానికి నాకు మనసొప్పలేదు. చదువులో నేను గడించిన యోగ్యతాపత్రాలకన్న ఆ ముక్కలే నాకెక్కువ నేర్పాయి.

నాలుగు మోటార్ల డ్రోన్‌ను చూసేవారికి రెక్కలే కనబడతాయి. కాని దాని ప్రాణం నడుమనున్న చిన్న పలకలో ఉంటుంది. దానిని ఫ్లైట్ కంట్రోలర్ అంటారు. ఈ యంత్రానికి సహజమైన నిలకడ లేదు. రెండు మోటార్లు సవ్యదిశలోను, రెండు అపసవ్యదిశలోను తిరుగుతూ ఒకదాని మెలిపెట్టే బలాన్ని మరొకటి రద్దుచేస్తుంటాయి. ఏ ఒక్కదాని వేగం తప్పినా యంత్రం ఒరిగిపోతుంది. ఆ ఒరుగుదలను గైరోస్కోప్, యాక్సెలరోమీటర్ పసిగడతాయి. పలకలోని ప్రాసెసర్ సెకనుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్లు లెక్కకట్టి, ఏ మోటారు ఎంత వేగంతో తిరగాలో ఆజ్ఞాపిస్తుంది. నిండు కావడి మోసేవాడు అడుగడుగునా భుజం సవరించుకొన్నట్లే ఈ పని సాగుతుంది. ఇప్పుడున్న తప్పు ఎంత, ఇంతవరకు పేరుకొన్న తప్పు ఎంత, ఆ తప్పు ఎంత వేగంగా మారుతున్నది అనే మూడు ప్రశ్నలకు సమాధానమే ఆ లెక్క.

ఈ పలకల పుట్టుక కూడా వింతైనదే. 2010లో మల్టీవీ అనే ప్రోగ్రామ్ వెలువడినప్పుడు, ఔత్సాహికులు నింటెండో వీ అనే వీడియో ఆటల పరికరంలోని గైరోస్కోపులను విప్పి ఆర్డ్వినో బోర్డులకు జతచేశారు. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విద్యార్థులు చేసిన కృషి నుంచి పిక్స్‌హాక్ ఆవిర్భవించింది. ఆటవస్తువుల నుంచి, విద్యార్థుల ఉత్సాహం నుంచి ఎదిగిన విద్య ఇది.

నేను పలకను ఎంచుకోవలసిన నాడు నా ముందు రెండు దారులున్నాయి. మొదటిది బీటాఫ్లైట్‌తో నడిచే చిన్న పలక. అది చవకైనది, చేతి ఆజ్ఞకు తక్షణమే స్పందిస్తుంది, కాని నడిపే భారమంతా మనదే. రెండవది ఆర్డుపైలట్‌తో నడిచే పిక్స్‌హాక్ తరగతి పలక. జీపీఎస్, దిక్సూచి, బారోమీటర్ తోడైతే అది ఉన్నచోట నిలవగలదు. నిర్దేశించిన బిందువుల వెంట పోగలదు. సంకేతం తెగితే బయలుదేరిన చోటికే తిరిగి రాగలదు.

“అన్నయ్యా, ముందు చిన్నది కొని ఎగరవేయడం నేర్చుకుందాం” అన్నాడు తమ్ముడు.

“అన్నీ అదే చూసుకొనేటప్పుడు మనం నేర్చుకోవలసింది ఏముందిరా?” అన్నాను నేను.

సంక్రాంతి సెలవులకు గుంటూరు జిల్లాలోని మా ఊరు వెళ్లాము. ఊరి బయట కల్లంలో మిరపకాయలు ఎర్రని తివాచీలా పరచి ఉన్నాయి. ఒక మూల నాయనమ్మ తాలుకాయలు ఏరుతున్నది. డ్రోన్ పైకి లేచింది. స్థిరంగా నిలిచే మీట నొక్కాను. కొన్ని క్షణాలు అది నిశ్చలంగా నిలిచింది. తరువాత మెల్లగా వలయాకారంలో తిరగసాగింది. వలయం క్షణక్షణానికి పెద్దదై, చివరకు యంత్రం నాయనమ్మ ఉన్న దిక్కుకే దూసుకుపోయింది. తమ్ముడు కేకవేశాడు. స్వయంచాలన తీసివేసి చేతితో నడపబోయాను. కాని చేతితో నడపడం నేనెన్నడు నేర్చాను గనుక? యంత్రం ఆమెకు పదడుగుల దూరంలో మిరపరాశిపై కూలింది. రెక్కల ముక్కలు ఆమె ఒడిలో పడ్డాయి.

నాయనమ్మ ఆ ముక్కలను నెమ్మదిగా దులుపుకొని నా ముఖంలోకి చూసింది. “దాన్ని నువ్వు ఎగరేస్తున్నావా, అదే నిన్ను ఆడిస్తోందా, నాయనా?” అని అడిగింది.

ఆ రాత్రి కారణం వెదికాము. దిక్సూచిని బ్యాటరీ తీగల పక్కనే అమర్చాను. విద్యుత్తు ప్రవహించే తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందని 1820లో అయిర్‌స్టెడ్ వెల్లడించాడు. ఏటేటా తరగతి గదిలో ఆ పాఠం చెప్పే భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి నేను. మోటార్లు ఎక్కువ విద్యుత్తు తీసుకోగానే దిక్సూచి దారితప్పింది. సవరణ ఒక దిక్కున జరగవలసి ఉండగా మరొక దిక్కున జరిగింది. పలకలో లోపం లేదు. పలక చేసే పనిని నా అజ్ఞానానికి ముసుగుగా వాడుకోవడమే లోపం.

తిరిగివచ్చాక తమ్ముడి మాట విన్నాను. 2021 డ్రోన్ నియమాలు నానో తరగతిగా పేర్కొన్న 250 గ్రాముల పరిమితికి లోబడిన చిన్న యంత్రాన్ని తలపెట్టి, దానికి తగిన పలకకోసం వెదికాము. ఈసారి ధర కంటె ముందు ప్రశ్నలు పుట్టాయి. దాని ప్రాసెసర్‌ను బీటాఫ్లైట్ కొత్త కూర్పులు ఆదరిస్తున్నాయా? పాత ఎఫ్1, ఎఫ్3 చిప్‌లకు ఆ ఆదరణ ఆగిపోయింది. రిసీవర్‌కు, రేపు చేర్చబోయే జీపీఎస్‌కు సరిపడా సీరియల్ పోర్టులున్నాయా? మన బ్యాటరీ వోల్టేజిని పలక తట్టుకోగలదా? మరల రంధ్రాలు చట్రానికి సరిపోతాయా? మోటార్ల కంపనం గైరోస్కోప్‌కు సోకకుండ రబ్బరు మెత్తలు అమర్చే వీలున్నదా?

కొన్ని నెలలపాటు ప్రతి ఆదివారం, ఎగరవేయడానికి అనుమతి గల ఖాళీ మైదానంలో ఆ చిన్న డ్రోన్‌ను చేతితోనే నడిపాను. పడింది, లేచింది, మళ్లీ పడింది. నా వేళ్లకు నిలకడ అలవడిన తరువాతనే మొదటి పలకను అట్టపెట్టెలోనుంచి బయటకు తీశాను. దిక్సూచిని తీగలకు దూరంగా చిన్న స్తంభంపై నిలిపి, కొత్త చట్రానికి పలకను బిగించాను. ఇప్పుడది ఆకాశంలో కదలక నిలుస్తుంది. అయినా నా బొటనవేళ్లు మీటలను వదలవు.

ఏ పలక మంచిదని విద్యార్థులు నన్ను తరచుగా అడుగుతుంటారు. నేను వెంటనే పేరు చెప్పను. “అది చేసే పనిలో మీకు చేతనైనది ఎంత?” అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ ప్రశ్న నాది కాదు. కల్లంలో కూర్చున్న నాయనమ్మది.