కొండెక్కి, బాయి దిగి

పొద్దున 3,152 మీటర్ల ఎత్తున్న కొండమీద దేవుణ్ణి చూసి, మధ్యాహ్నం భూమికి 180 మీటర్ల లోపలున్న చర్చిలోకి దిగి, చీకటి పడేసరికి ఇంటికొచ్చి అన్నం తినొచ్చు. కొలంబియా రాజధాని బొగోటాలో ఈ టూర్ చాలామంది టూరిస్టులు చేసేదే. కొండ పేరు మోన్సెరాతే, బొగోటా పాత బస్తీని ఆనుకునే ఉంటుంది. చర్చి ఉన్న ఊరు సిపకిరా, అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 50 కిలోమీటర్లు.

మా బావ ఉద్యోగం అక్కడే కావడంతో పోయిన ఎండాకాలం సెలవుల్లో నాకు ఆ దేశం చూసే అదృష్టం పట్టింది. "అంత దూరం పోయి ఏం చూసినవ్ రా?" అని హాస్టల్లో అడిగిన ప్రతివాడికీ ఫోటోలు చూపించి ఊరుకున్నా. ఫోటోల్లో పట్టని సంగతి ఒకటి మిగిలిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు బొగోటా గురించి రెండు ముక్కలు. మ్యాపులో చూస్తే భూమధ్యరేఖకు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి మన రామగుండం లాగా మండిపోవాలి. కానీ ఊరే 2,600 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో స్వెటర్ వేసుకుని తిరిగాను. అక్కడ నీళ్లు 91 డిగ్రీలు దాటగానే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే కందిపప్పు ఉడకదు. "తమ్మీ, మీ సార్లు చెప్పే థర్మోడైనమిక్స్ నాకు ఈ వంటింట్ల అర్థమైంది" అంది అక్క.

ఆదివారం పొద్దున ఏడున్నరకు వ్యాన్ వచ్చింది. మేం ముగ్గురం, ఒక బ్రెజిల్ జంట, ఒంటరిగా తిరుగుతున్న ఒక జర్మన్ పెద్దాయన. గైడ్‌కి యాభై ఏళ్లుంటాయి. ఇంగ్లీషు నెమ్మదిగా, విడమరిచి మాట్లాడుతుంది. తనది సిపకిరానే అనీ, వాళ్ల తాత ఉప్పు గనిలో పనిచేసినవాడేననీ మొదట్లోనే చెప్పింది.

మోన్సెరాతే ఎక్కడానికి మూడు దారులున్నాయి. 1929 నుంచి నడుస్తున్న కొండ రైలు, 1955లో వచ్చిన రోప్‌వే, కాలినడక మెట్ల దారి. మేం రైల్లో ఎక్కి రోప్‌వేలో దిగాం. ఆదివారం కాబట్టి మెట్ల దారంతా జనం. చంకలో పిల్లలు, చేతిలో నీళ్ల సీసాలు, పక్కన ముసలివాళ్లు. మొక్కు ఉన్నవాళ్లు కొందరు మోకాళ్ల మీద కూడా ఎక్కుతారని గైడ్ చెబితే మా అక్క ఠక్కున "మన తిరుపతి మోకాళ్ల పర్వతం లెక్క" అంది. దాన్ని బావ ఇంగ్లీషులోకి మార్చి గైడ్‌కి చెప్పాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. మొక్కులు ఎక్కడైనా అంతే అన్నట్టు తలూపింది.

పైన గాలి పలచన. సముద్రమట్టంతో పోలిస్తే ఆక్సిజన్ దాదాపు 30 శాతం తక్కువ. పది మెట్లెక్కి నిలబడిపోయాను. ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడేవాడినని ఎవరికీ చెప్పలేదు.

ఈ కొండకు పేరు స్పెయిన్‌లోని మోంట్సెరాట్ మేరీమాత నుంచి వచ్చింది. కానీ 17వ శతాబ్దంలో పేద్రో దే లూగో అల్బర్రాసిన్ అనే శిల్పి చేసిన యేసు విగ్రహం ఇక్కడికొచ్చాక జనం ఆయన కోసమే ఎక్కడం మొదలుపెట్టారు. పాత గుడి 1917 భూకంపంలో దెబ్బతింటే ఇప్పుడున్న తెల్లటి చర్చిని 1920లలో కట్టారు. విగ్రహం మాత్రం పాతదే.

ఆ దేవుడి పేరు పడిపోయిన ప్రభువు. కొరడా దెబ్బలు తిని, శిలువ మోయలేక నేలకు ఒరిగిపోయిన యేసు. నేను చూసిన దేవుళ్లంతా నిలబడో, కూర్చునో, శేషుడి మీద హాయిగా పడుకునో ఉన్నవాళ్లే. బరువు మోయలేక పడిపోయిన దేవుణ్ణి చూడటం అదే మొదలు. అంత ఎత్తు ఎక్కొచ్చిన మనుషులు ఒగరుస్తూ వచ్చి ఆయన ముందు నిలబడుతున్నారు. వాళ్లకి ఆయన అర్థమైనట్టే ఉంది, ఆయనకి వాళ్లూ అర్థమయ్యే ఉంటారు.

మధ్యాహ్నానికి సిపకిరా చేరాం. కోడి, మూడు రకాల బంగాళదుంపలు, మొక్కజొన్న కండె వేసి వండిన అహియాకో అనే చిక్కటి సూప్ తాగాం. "మిరియాలు, ఇంత అల్లం పడితే మనదే" అని బావ తీర్పు. మన క్లబ్ వాళ్లకు నచ్చే ముక్క ఒకటి: గాబ్రియెల్ గార్సియా మార్క్వెజ్ హైస్కూల్ చదువు పూర్తిచేసింది ఈ ఊళ్లోనే, 1946లో. సముద్రపు ఒడ్డు నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చిన పిల్లాడు ఈ చలికి ఎంత వణికాడో!

ఇక గని. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది గోదావరిఖని. మా బాపు 29 ఏళ్లు బొగ్గుబాయిలో సపోర్ట్‌మన్. మాకు గని అంటే బాయి. పొద్దున సైరన్ మోగితే బాయికి పోవడం, షిఫ్టు దిగితే బాయి నుంచి రావడం. బాయి మొగదల మైసమ్మ గుడి ఉంటుంది, చెయ్యెత్తి మొక్కకుండా ఎవరూ లోపలికి దిగరు. ఇవన్నీ చూస్తూ పెరిగాను గానీ లోపలికి ఒక్కసారి కూడా దిగలేదు. బాపు దిగనివ్వలేదు. ఇంటర్ అయ్యాక మైనింగ్ సీటు వచ్చే ర్యాంకు ఉన్నా "ఏదన్న సదువు, అది వద్దు" అన్నాడు. అట్లా సివిల్‌లో చేరాను. సింగరేణి గడ్డ మీద పుట్టిన నేను మొట్టమొదటిసారి భూమి లోపలికి దిగింది కొలంబియాలో, టికెట్ కొనుక్కుని.

సొరంగం లోపల గోడలు నల్లగా, బూడిద రంగులో ఉన్నాయి. రాతి ఉప్పు తెల్లగా మెరుస్తుందనుకున్న వాళ్లకి మొదట నమ్మకం కలగదు. అందుకే గోడకి వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాం, జర్మన్ పెద్దాయనతో సహా. ఉప్పే. గాలిలో కొంచెం గంధకం వాసన. స్పెయిన్ వాళ్లు రాకముందే ముయిస్కా జాతివాళ్లు ఇక్కడి ఉప్పునీళ్లు కాచి ఉప్పు తీసి వర్తకం చేసేవారు. తర్వాత కొండను తొలిచి సొరంగాలు పడ్డాయి. కార్మికులు షిఫ్టుకు ముందు మొక్కుకోవడానికి లోపలే చిన్న గుడి చెక్కుకున్నారని గైడ్ చెప్పినప్పుడు నాకు మైసమ్మ గుర్తొచ్చింది.

ఆ చిన్న గుడే పెరిగి 1954లో పెద్ద చర్చి అయ్యింది. కానీ గనిలో పని నడుస్తూనే ఉండటంతో దాని నిర్మాణం మీద అనుమానాలొచ్చి 1990ల మొదట్లో మూసేశారు. దానికి 60 మీటర్ల దిగువన కొత్తది తవ్వి 1995 డిసెంబర్‌లో తెరిచారు. అదే మేం చూసింది. దీనికోసం బయటికి తీసిన ఉప్పురాయి 2,50,000 టన్నులని లెక్క చెబుతారు. అందరూ కెథెడ్రల్ అంటారు గానీ బిషప్ పీఠం లేదు కాబట్టి లెక్క ప్రకారం అది కెథెడ్రల్ కాదు. ఆదివారం ప్రార్థన మాత్రం జరుగుతుంది.

లోపలికి నడుస్తుంటే దారి పొడుగునా 14 చిన్న గుళ్లు. యేసు శిలువ మోసిన దారిలోని 14 ఘట్టాలు. ఒక్కచోటా మనిషి బొమ్మ లేదు, ఉప్పురాతి శిలువ, మోకరిల్లడానికి రాళ్లు, వెనక చీకటి, కొంచెం లైటింగ్. ఈ 14లో మూడుచోట్ల ఆయన పడిపోతాడు. పొద్దున కొండ మీద చూసినాయన ఇక్కడ కనబడకుండా మూడుసార్లు పడి లేచాడు.

చివర్లో పెద్ద మందిరం. ఎదురుగా 16 మీటర్ల శిలువ గాల్లో నిలబడినట్టు వెలుగుతోంది. దగ్గరికి వెళ్తే తెలిసింది, అక్కడ శిలువ నిలబెట్టలేదు. గోడలోకి శిలువ ఆకారంలో చెక్కిన గుంట అది, దాన్నిండా వెలుతురు.

సివిల్ వాడిగా నాకు అక్కడ కాళ్లాడలేదు. మూడేళ్లుగా మేం నేర్చుకున్నదంతా పేర్చడం: పునాది, స్తంభం, దూలం, శ్లాబు. ఇక్కడ ఎవరూ ఏదీ పేర్చలేదు. తీసేశారు. తీసేయకుండా వదిలినవే స్తంభాలు. గనుల్లో దీన్ని గదులు, పిల్లర్ల పద్ధతి అంటారు. తవ్వుకుంటూ పోతూ మధ్యలో దిమ్మెలు వదిలేస్తే పైనున్న కొండ బరువును అవే మోస్తాయి. పైగా ఉప్పు, బొగ్గులాగా ఫట్‌మని పగిలే రకం కాదు. బరువు కింద ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది. మెటీరియల్స్ సబ్జెక్టులో క్రీప్ అని రెండు మార్కుల ప్రశ్నగా చదివింది నా తల మీద కొండంత నిజమై నిలబడింది.

మా బాయిల్లోనూ ఇదే పద్ధతి, ఒక తేడాతో. మొదట పిల్లర్లు వదులుతూ గ్యాలరీలు తవ్వుతారు. తర్వాత వెనక్కి వస్తూ ఆ పిల్లర్లనూ కోసుకుంటారు, వాటిలోనూ బొగ్గే కదా. ఖాళీ అయిన చోటును ఇసుకతో నింపుతారు, లేదంటే పైకప్పును కూలనిస్తారు. ఆ కూలిన జాగాని గోఫ్ అంటారు. అది పొరపాటున జరిగేది కాదు, ప్లాన్‌లోనే ఉంటుంది. మనుషులు పక్కకు తప్పుకునే దాకా కప్పును ఆపి ఉంచేవాడు సపోర్ట్‌మన్. అదే మా బాపు పని.

బయటికొచ్చేసరికి మూడు దాటింది. అప్పుడు మనకు అర్ధరాత్రి ఒకటిన్నర. బాపుకి ఫోటోలు పంపి వదిలేశాను. రాత్రి మేం తింటుండగా, అక్కడ తెల్లారగానే ఫోన్ వచ్చింది. దేవుడి గురించి అడగలేదు, శిలువ గురించి అడగలేదు.

"అన్నీ గోడల ఫోటోలే పెట్టినవ్. పైకప్పు సరిగ్గ కనవడ్తలేదు. సపోర్ట్ ఏమున్నది?"

"పిల్లర్లే బాపు. మస్తు పెద్దయి."

"తియ్యలేదా వాటిని?"

"తియ్యలేదు. అట్లనే ఉంచిన్రు."

కాసేపు మాట లేదు. నెట్ పోయిందనుకున్నా. తర్వాత అన్నాడు: "మంచిగ చేసిన్రు. పనిచేసిన జాగ సూపెట్టుకునేటట్టు ఉంచుకున్నరు. నేను పనిచేసిన జాగ ఇప్పుడు లేదు బిడ్డా. ఇరవై తొమ్మిదేండ్లల్ల ఏసిన కర్రలన్నీ కిందనే కలిసిపోయినయ్."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఆ పని అంతే, బొగ్గు రావాలంటే కప్పు కూలాలి. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక తాత చెక్కిన గోడను చూపిస్తూ మనవరాలు గైడ్‌గా బతుకుతోంది. మా బాపు 29 ఏళ్ల పనికి టికెట్ లేదు, గైడ్ లేడు, వెళ్లి చూద్దామన్నా చోటే లేదు. ఆ బొగ్గుతో వెలిగిన కరెంటు ఎప్పుడో ఖర్చైపోయింది. ఇక ఆ జాగా ఉన్నది ఆయన బుర్రలోనే. ఆయన రోజూ దిగిన బాయి గురించి నేను ఒక్క ప్రశ్నా వేయలేదు, ఆయనా ఒక్క ముక్కా చెప్పలేదు. మా ఇంట్లో భోజనాల దగ్గర బాయి ముచ్చట రాకపోవడం ఒక కట్టుబాటు.

ఇంటికొచ్చిన వారానికి నా డ్రాయింగ్ షీటొకటి, పెన్సిలొకటి బాపు ముందు పెట్టాను. "ఏందిది?" అన్నాడు. "మీ బాయి గియ్యి" అన్నా. మొదట నవ్వాడు. తర్వాత కళ్లజోడు తెమ్మన్నాడు. స్కేలు అడగకుండానే గీతలు తిన్నగా వచ్చాయి. దిగుడు దారి, గ్యాలరీలు, పిల్లర్లు, గాలి తలుపులు, నీళ్లు కారే మూల. కర్ర దిమ్మె బరువు ఎక్కువైతే కిటకిటమని ముందే చెబుతుందనీ, ఇనుప దిమ్మె చెప్పదనీ, అందుకే పాతవాళ్లు కర్రనే నమ్మేవాళ్లనీ గీస్తూ గీస్తూ చెప్పాడు. ఒకచోట చిన్న సున్నా చుట్టాడు. ఏమిటంటే, అక్కడ కూర్చుని సద్ది తినేవాళ్లట.

గంటన్నర పట్టింది. అమ్మ చాయ్ తెచ్చి, పక్కనే కూర్చుని, "ఇంత లోపలికి పోతుండెనా నువ్వు?" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె కూడా అప్పుడే చూసింది.

మన క్లాసుల్లో ఇట్లాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. ఎత్తేసిన మిల్లులు, మూసేసిన గనులు, రిజర్వాయర్ కింద మునిగిన పొలాలు. చూపించుకోవడానికి చోటు మిగలని పనులు. ఈసారి సెలవులకు వెళ్లినప్పుడు ఒక షీటు, ఒక పెన్సిల్ పట్టుకెళ్లండి. మనకు ప్లాన్ చదవడం వచ్చు కదా, వాళ్లు గీస్తారు.