ముద్దాయి పేరు

ఫిర్యాదు రాయడం ఎంత కష్టమో నాకు 2025 సంక్రాంతి వెళ్ళిన వారంలోగాని తెలియలేదు. తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. ప్రబంధనాయకుడి గురించి గంటసేపు మాట్లాడగలను. కాని కారేపల్లిలో ఒక లంబాడీ తల్లి తెల్లకాగితం నా ముందు పెట్టి "రాయి సారూ" అన్నప్పుడు మొదటి వాక్యం దగ్గరే కలం ఆగింది.

ఆమె కొడుకు ఒకప్పుడు నా విద్యార్థి. అంతకు ముందు దసరా వెళ్ళాక థాయిలాండులో కంప్యూటరు ఉద్యోగమని తీసుకుపోయి, సరిహద్దు దాటించి మయన్మారులో ఒక ఎత్తయిన ప్రహరీ లోపల పడవేశారు. పని ఏమిటి? ఆడపేరుతో, షావుకారు పేరుతో, పోలీసు పేరుతో ఎవరెవరికో వల విసిరి డబ్బు గుంజడం. నిర్ణయించినంత రాకపోతే తిండి లేదు, దెబ్బలున్నాయి. ప్రయాణానికి ఇచ్చిన డబ్బు మిరపపంట మీద తెచ్చిన అప్పు.

"ముద్దాయి పేరేం రాయనమ్మా?" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"మా ఆడబిడ్డ కొడుకే గద సారూ. తలకింత అని వానికిచ్చిన్రంట. వాని పేరు ఎట్ల రాపిచ్చేది?"

ఈ మేనల్లుడు మన చరిత్రకు కొత్తవాడు కాడు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాలనుంచి తెలుగు కూలీలను రంగూను రేవుకూ వరిమిల్లులకూ చేర్చిన మేస్త్రీ కూడా తరచు ఊరివాడే, ఎరిగినవాడే. ఓడఛార్జీ బయానాగా ఇచ్చి, తరువాత కూలిలో కోసుకునేవాడు. ఆనాటి చట్టం ఎవరివైపు నిలబడిందో చూడండి. 1859లో వచ్చిన ఒప్పందభంగ చట్టం బయానా పుచ్చుకుని పని మానిన కూలీని మూడు నెలలదాకా చెరసాలకు పంపగలిగేది. మాయమాటలతో ఆ బయానా అంటగట్టినవాడి ఊసే అందులో లేదు. దాన్ని రద్దు చేయడానికి 1925దాకా ఆగవలసి వచ్చింది.

మరి స్వతంత్ర భారతదేశపు చట్టం? 1983 నాటి వలసల చట్టం కొంత ముందడుగు వేసిందని ఒప్పుకోవాలి. రిజిస్ట్రేషను లేకుండా విదేశాలకు మనుషుల్ని కుదిర్చేవాడూ, వలసపోయేవాణ్ణి మోసగించేవాడూ దాని ప్రకారం నేరస్థులు. శిక్ష రెండేళ్ళదాకా జైలు, రెండువేల రూపాయలదాకా జరిమానా. రెండువేలంటే 2025లో ఒకటిన్నర డి.ఏ.పి. బస్తా వెల! ఇంతకంటె విచిత్రమైనది ఇంకొకటుంది. చట్టం చెప్పిన పద్ధతి తప్పి వలసపోయినవాడిని కూడా అదే ఇరవైనాలుగో సెక్షను అదే శిక్షకు అర్హుణ్ణి చేసింది. పంపినవాడూ పోయినవాడూ ఒకే బోనులో నిలబడాలన్నమాట.

ఆ చట్టంలోనే నన్ను కదిలించిన మాట ఒకటి కనబడింది. మామూలుగా ఈ నేరాలమీద కేసు నడపాలంటే కేంద్రప్రభుత్వం ముందుగా అనుమతించాలి. వలసపోయినవాడే ఫిర్యాదు చేసినా, అతని తరఫున తల్లో తండ్రో చేసినా ఆ అనుమతి అక్కర లేదు. సంతకం రాని ఈ తల్లి వేలిముద్రకు అంత బలముంది. ఆ బలం మొట్టమొదట పడేది ఆడబిడ్డ కొడుకు మీద. అతని పైన పట్నంలో ఆఫీసు పెట్టినవాడున్నాడు, ఆపైన బాంకాకులో దిగబెట్టుకున్నవాడున్నాడు, ఆపైన ప్రహరీ యజమాని. ఆమెకు వాళ్ళ పేర్లు తెలియవు. తెలిసిన పేరు ఒక్కటే, అది రాయడానికి నోరు రాదు.

స్టేషనుకు వెళితే రైటరు ఫిర్యాదు చదివి, "ఇష్టపడే కదా పోయాడు, డబ్బు మీరే కదా ఇచ్చారు" అన్నాడు. మనుషుల అక్రమరవాణాను గురించి చెప్పే భారతీయ న్యాయసంహిత 143వ సెక్షను బాధితుడి అంగీకారంతో నిమిత్తం లేదని స్పష్టంగా చెబుతుంది. శిక్ష కూడా ఏడేళ్ళకు తగ్గదు. ఆ మాట చెప్పాను. కేసు మాత్రం మోసం వరకే, 318 కిందనే కట్టారు.

ఇక నా సంగతి. ఆ కుర్రవాడు బయలుదేరబోయే ముందు నియామకపత్రం తెచ్చి నాకు చూపించాడు. ఇంగ్లీషు బాగుంది. జీతం బాగుంది. "వెళ్ళు, ఈ అడవి అంచున ఏముంది?" అన్నాను. సింగరేణి అన్న పేరు దేశమంతటికీ తెలిసినా, ఆ పేరున్న ఈ మండలంలో డిగ్రీ చదివినవాడికి మిరపతోట తప్ప ఏమి చూపించగలను? ఆ పంపించిన సంస్థకు రిజిస్ట్రేషనుందా అని మాత్రం అడగలేదు. పదో తరగతి దాటనివాడు గల్ఫుకు పోతే అతని కాగితాలు హైదరాబాదులోని వలసదారుల సంరక్షకుడి కార్యాలయం ముందుకు రావాలి. పది దాటినవాడికి ఆ తనిఖీ అక్కర లేదు. చదువుకున్నవాడు మోసపోడని చట్టం నమ్మింది. నేనూ నమ్మాను.

2025 మార్చి 10, 11 తేదీలలో వైమానికదళం విమానాలు థాయిలాండునుంచి 549 మంది భారతీయుల్ని తీసుకువచ్చాయి. వాళ్ళలో అతనూ ఉన్నాడు. చిక్కిపోయాడు. వచ్చాక విచారణలో మొదట అడిగిన ప్రశ్న, అక్కడ నువ్వెంతమందిని మోసం చేశావని. బెదిరింపుకు లొంగి చేసిన నేరాన్ని న్యాయసంహిత 32వ సెక్షను క్షమిస్తుంది గాని, తక్షణమే చంపుతారన్న భయం ఉంటేనే. కరెంటు షాకు, ఆకలి, నిద్ర లేని రాత్రులు ఆ కొలతకు చాలతాయో లేదో ఏ న్యాయస్థానమైనా తేల్చవలసిందే.

ఆనాడు కాగితం మీద చివరికి మేనల్లుడి పేరు రాశాను. ఆమె కళ్ళు తుడుచుకుని వేలు ముందుకు చాపింది. వేలిముద్ర పడకముందే ఇంకో వాక్యం చేర్చాను: నియామకపత్రాన్ని నేను చదివి, వెళ్ళమని చెప్పాను. రైటరు దాని కింద గీత గీసి, ఇది కేసుకు అవసరం లేదు సార్, కొట్టేయండి అన్నాడు. కొట్టివేయలేదు.